ఇప్పుడు నైట్రో మాన్‌స్టర్ ట్రక్కు కొనొచ్చా? టీ-మ్యాక్స్, సావేజ్, రెవో సమీక్ష

వేగం కోసమైతే నైట్రో మాన్‌స్టర్ ట్రక్కు, అంటే నైట్రోమీథేన్ కలిసిన ఫ్యూయల్‌తో చిన్న ఇంజను మీద నడిచే రిమోట్ ట్రక్కు, కొనకండి. ఈ మాట ముందే అనేస్తే మిగతాది తేలికవుతుంది. నాలుగు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని) మోటారు పెట్టిన ఎలక్ట్రిక్ ట్రక్కు స్విచ్ వేసిన మరుక్షణం మట్టి ఎగజిమ్ముకుంటూ పోతుంది. అప్పటికి నైట్రో బండి ఇంకా ట్యాంకులో ఫ్యూయల్ పోయించుకుంటూ ఉంటుంది. నిలబడ్డ చోటినుంచి అందుకునే ఊపులో ఎలక్ట్రిక్‌దే పైచేయి, శబ్దం సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా నైట్రో పోలేదు, దాన్ని కొనేవాళ్లు మారారు. ఒకప్పుడు పెద్ద రిమోట్ ట్రక్కు కావాలనుకున్న ప్రతివాడూ నైట్రో కొనేవాడు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంజను చప్పుడు వింటూ కూర్చోవడం సరదాగా ఉన్నవాడే కొంటున్నాడు. అందుకే ఈ మూడు బండ్లనూ ఇక్కడ వేగంతో కొలవలేదు. ఇంజనును ఎంత సులువుగా చూసుకోనిస్తాయి, ఎక్కడ విరుగుతాయి, విరిగినదాన్ని ఎలా బాగుచేసుకోవాలి అన్నవే చూశాం.

రాజ్యం ఎలా చేతులు మారింది

రిమోట్ బండ్ల కంపెనీ ట్రాక్సస్ 1999లో టీ-మ్యాక్స్ తెచ్చేనాటికి నైట్రో బండ్లలో రివర్స్ అరుదు. గోడకు గుద్దుకుంటే నడిచి వెళ్లి తిప్పి పెట్టాల్సిందే. టీ-మ్యాక్స్‌లో నాలుగు చక్రాలకూ శక్తి, దానంతట అదే మారే రెండు గేర్లు, ట్రాన్స్‌మిషన్‌లోనే రివర్స్, తాడు లాగే పని లేకుండా బటన్ నొక్కితే ఇంజనును తిప్పే ఈజీ-స్టార్ట్, అన్నీ పెట్టె విప్పేసరికే సిద్ధంగా ఉన్నాయి. 2002లో హెచ్‌పీఐ కంపెనీ సావేజ్ 21 వచ్చి 3.5 సీసీ ఇంజనుతో పోటీని ఒక మెట్టు పైకి లాగింది. 2004లో ట్రాక్సస్ రెవో, లోసీ ఎల్‌ఎస్‌టీ దిగాయి. ఆ అయిదారేళ్లూ మాన్‌స్టర్ ట్రక్కు అంటే నైట్రో ట్రక్కే. అప్పటి ఎలక్ట్రిక్ ట్రక్కుల్లో బ్రష్ మోటార్లు, నికెల్ బ్యాటరీలు ఉండేవి. బరువెక్కువ, ఊపు తక్కువ.

లైపో సెల్లూ బ్రష్‌లెస్ మోటారూ కలిశాక లెక్క తిరగబడింది. సావేజ్‌కు ఫ్లక్స్ పేరుతో ఎలక్ట్రిక్ రూపం వచ్చింది, రెవోకు బ్రష్‌లెస్ ఈ-రెవో వచ్చింది. అంటే ఈ కంపెనీలు తమ నైట్రో బండ్లను తామే వెనక్కి నెట్టుకున్నాయి. 2015లో ట్రాక్సస్ పెద్ద ఎలక్ట్రిక్ ట్రక్కు ఎక్స్-మ్యాక్స్ వచ్చాక 'పెద్ద బండి కావాలంటే నైట్రో' అన్న చివరి వాదన కూడా పోయింది.

వేగం ఒక్కటే కారణమైతే నైట్రో ఇంత పలచబడేది కాదు. మిథనాల్, నైట్రోమీథేన్ కలిసిన ఫ్యూయల్ మండే సరుకు, పైగా విషం. పార్సెల్‌లో పంపాలంటే ప్రమాదకర సరుకు నిబంధనలన్నీ అడ్డొస్తాయి. ఇళ్ల మధ్య నడిపితే చప్పుడుకి గొడవ. అన్నిటికన్నా పెద్దది, కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది ట్యూనింగ్ దగ్గరే ఆగిపోయారు. స్టార్టర్ కాలిపోయేదాకా ఇంజను తిప్పి, విసిగి, బండిని అటక ఎక్కించారు. అలా అటకెక్కిన బండ్లే ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దిగుతున్నాయి. వాటిలో చాలా బండ్లకు ఉన్న జబ్బు తప్పు ట్యూనింగే, ఇంజను అరిగిపోవడం కాదు.

నైట్రో సరుకు ఇంకా దొరకడానికి కారణం ఒకటుంది. 1/8 స్కేలు ఆఫ్‌రోడ్ బగ్గీ పందేల్లో నైట్రో తరగతి ఇప్పటికీ నడుస్తోంది. ఫ్యూయల్, దాన్ని మండించే గ్లో ప్లగ్గులు, క్లచ్ స్ప్రింగులు, 21 సైజు (సుమారు 3.5 సీసీ) ఇంజన్లు బగ్గీవాళ్ల కోసం తయారవుతుంటే ట్రక్కువాళ్లు వాళ్ల నీడన బతుకుతున్నారు. ఏ ట్రక్కు కొనాలో తేల్చుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి, సావేజ్ దగ్గర మళ్లీ వస్తుంది.

టీ-మ్యాక్స్ 3.3

మూడింటిలో నేర్చుకోవడానికి అనువైనది ఇదే. పైన బాడీ తీస్తే ఇంజను, కార్బ్యురేటర్, ఫ్యూయల్ ఎంత వెళ్లాలో సరిచేసే నీడిల్ స్క్రూలు చేతికి అందుతాయి. చక్రానికి రెండేసి చొప్పున ఎనిమిది షాక్ అబ్జార్బర్లు (షాక్‌లు). చూడ్డానికి దర్జాగానే ఉంటాయి కానీ సీలు కారినప్పుడు ఎనిమిదీ విప్పి నూనె మార్చాలి, ఆ పూట ఇంకేమీ పెట్టుకోకండి.

దీని బలహీనత డ్రైవ్‌షాఫ్టులు. ఒకదాంట్లో ఒకటి జారే ప్లాస్టిక్ షాఫ్టులు ఇవి. దూకుడుగా నడిపితే మెలి తిరుగుతాయి, లోపలి గాడులు అరుగుతాయి. చక్రాన్ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తే వదులు తెలిసిపోతుంది. స్టీలు షాఫ్టులు వేస్తే ఆ సమస్య తీరుతుంది. అయితే ఇంతకుముందు ప్లాస్టిక్ షాఫ్టు మింగిన దెబ్బ ఇప్పుడు డిఫరెన్షియల్‌కు (ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెకు) తగులుతుంది. విరిగేది చవకగా మార్చుకునే చోటే ఉండటం మంచిది కాబట్టి, ఉన్న ఇంజనునే ఉంచుకునేవాళ్లు ప్లాస్టిక్ షాఫ్టులు రెండు జతలు దగ్గర పెట్టుకుంటే చాలు.

రివర్స్ విషయంలో పాత టీ-మ్యాక్స్‌వాళ్లు రెండు వర్గాలు. బండి పూర్తిగా ఆగకముందే గేరు మారితే లోపలి గేర్లు పళ్లు రాల్చుకుంటాయి. అందుకే చాలామంది ఫార్వర్డ్-ఓన్లీ కిట్ వేసి రివర్స్ పీకేస్తారు. బరువు తగ్గుతుంది, ఒక సర్వో (రిమోట్ చెప్పినట్టు కదిలే చిన్న మోటారు) మిగులుతుంది. కొత్తవాళ్లు మాత్రం రివర్స్ ఉంచుకోవాలి. అది లేకపోతే బండి వెంట పరుగులే పరుగులు.

సావేజ్ ఎక్స్ 4.6

నిలువుగా పెట్టిన రెండు అల్యూమినియం పలకల మధ్య అన్నీ బిగించిన చట్రం ఇది. బోర్లా పడినా, పక్కకి దొర్లినా పెద్దగా లెక్కచెయ్యదు. ఎత్తునుంచి దూకించే అలవాటున్నవాళ్లకు మూడింటిలో ఇదే గట్టిది. ఇబ్బందీ ఆ పలకలతోనే: ఇంజను వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది, లో-స్పీడ్ నీడిల్ దాకా సన్నటి పొడవాటి స్క్రూడ్రైవర్ పోనివ్వాలి, వేడిగా ఉన్నప్పుడు చెయ్యి కాలకుండా చూసుకోవాలి.

పాత సావేజ్‌లకు డిఫరెన్షియల్ గేర్లు నమలడం మామూలు. తర్వాత హెచ్‌పీఐయే 29 పళ్లు, 9 పళ్ల జతగా బుల్లెట్‌ప్రూఫ్ గేర్లు తెచ్చింది. సెకండ్‌హ్యాండ్ సావేజ్ కొంటే మొదట అడగాల్సింది అవి వేశారా లేదా అనే. వేసి ఉంటే గేర్ల మధ్య షిమ్ (సందు సరిచేసే పలుచటి వాషర్) సరిగ్గా పెట్టారో లేదో కూడా చూడాలి. వదులుగా ఉంటే గట్టి గేరు కూడా నమలబడుతుంది.

సావేజ్ గొప్పతనం అసలు ఇంజను చచ్చాక తెలుస్తుంది. దీనిది పెద్ద బ్లాకు ఇంజను అమరిక కాబట్టి బగ్గీల 21 ఇంజన్లలో చాలావాటిని ఇందులో కూర్చోబెట్టొచ్చు. క్రాంక్‌షాఫ్ట్ రకం, ఎగ్జాస్ట్ పక్కకుందా వెనక్కుందా, ఫ్లైవీల్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే కాలెట్ సరిపోతుందా, ఈ మూడూ కలవాలి. ట్రాక్సస్ ఇంజన్ల బిగింపు వేరు, వాటి స్థానంలో పెద్ద బ్లాకు పెట్టాలంటే మౌంటు నుంచి ఎగ్జాస్ట్ పైపు దాకా మార్చుకుంటూ పోవాలి. పదేళ్లు ఉంచుకునే ఉద్దేశంతో కొనేవాళ్లకు మా సలహా సావేజే.

రెవో 3.3

నడపడంలో సుఖం చెప్పాలంటే రెవోకు సాటి లేదు. షాక్‌లు చక్రాల పక్కన నిలబడి ఉండవు. చాసిస్ పైన పడుకుని ఉంటాయి, పుష్‌రాడ్ (నెట్టే కడ్డీ), రాకర్ (ఊగే మీట) ద్వారా కదులుతాయి. రాకర్ మారిస్తే సస్పెన్షన్ ప్రయాణం, గట్టిదనం పెరిగే తీరు మారతాయి. స్ప్రింగు ముట్టుకోనక్కర్లేదు. గతుకుల నేలమీద టీ-మ్యాక్స్ గంతులేసే చోట రెవో నేలను అంటిపెట్టుకుని పోతుంది.

ఇంత సొగసుకు మూల్యం మట్టి. రాకర్ బేరింగుల్లో, ఆర్మ్‌ల చివర పివట్ బాల్స్‌లో ఇసుక చేరితే రెండు మూడు సార్లకే కిరకిరమంటాయి. పివట్ బాల్ మూత మరీ బిగిస్తే సస్పెన్షన్ బిగుసుకుంటుంది, వదిలేస్తే చక్రం ఊగుతుంది. షాక్ విప్పి ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే దాని బరువుకే అది కిందికి రావాలి, అంతవరకే బిగించాలి. స్టీరింగ్‌కు రెండు సర్వోలు కలిసి పనిచేస్తాయి. ఒకటి చచ్చినా రెండోది లాక్కుంటూ పోతుంది కాబట్టి వెంటనే తెలియదు. తిప్పుడు మందగించిందంటే లింకులు విడదీసి ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించండి.

టీ-మ్యాక్స్, రెవో రెండింటిలోనూ ఉన్న ఈజీ-స్టార్ట్ గురించి రెండు మాటలు. చేతిలో పట్టుకునే కర్రలో 7.2 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అదే ఇంజనునూ తిప్పుతుంది, ప్లగ్గునూ వేడెక్కిస్తుంది. సౌకర్యం నిజమే. అయితే సిలిండర్‌లో ఫ్యూయల్ నిండి పిస్టన్ కదలనప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే మోటారు కాలుతుంది, లేదా గేరు పళ్లు పోతాయి. ఇంజను బిగుసుకుందనిపిస్తే ప్లగ్ విప్పి, బండిని తలకిందులు చేసి, గుడ్డ అడ్డం పెట్టి రెండు సెకన్లు తిప్పండి. చేరిన ఫ్యూయల్ చిమ్ముకుంటూ బయటికొస్తుంది, కళ్లు దూరంగా పెట్టుకోవాలి. తాడు స్టార్టర్ ఉన్న సావేజ్‌లోనూ ఇదే సూత్రం. అక్కడ తెగేది తాడు.

అసలు పరీక్ష: ఇంజను

బండి ఏదైనా, దాన్ని అటకెక్కించేది ఇంజనే. ఈ ఇంజన్లలో పిస్టన్ రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి స్లీవ్ ఉంటాయి. స్లీవ్ (సిలిండర్ గొట్టం) లోపలి సందు పైభాగంలో కాస్త ఇరుకుగా చేసి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చేసరికి పట్టేస్తుంది, వేడెక్కితే స్లీవ్ వ్యాకోచించి సరైన సందు వస్తుంది. కొత్త ఇంజను చేత్తో తిప్పితే పైన ఇరుక్కోవడానికి కారణం ఇదే, అది లోపం కాదు. చల్లటి ఇంజనును బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ మీద ఒత్తిడి పడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఇంజను హెడ్ (పై మూత) చేతికి బాగా వేడి తగిలేదాకా కాచి స్టార్ట్ చేయడం మంచి అలవాటు.

కొత్త ఇంజనును అయిదు ట్యాంకుల మీద అలవాటు చేయాలి. మొదటి ట్యాంకు పావు థ్రాటిల్‌లో, ఆ తర్వాత ట్యాంకు ట్యాంకుకీ కొద్దిగా పెంచుకుంటూ, మధ్యలో పది పదిహేను నిమిషాలు చల్లారనిస్తూ నడపాలి. నీలం పొగ ధారగా రావాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది: ఫ్యూయల్ మరీ ఎక్కువ ఇచ్చి ఇంజను గోరువెచ్చగా మాత్రమే నడపడం. 90 డిగ్రీల సెల్సియస్ దాకా రాకపోతే స్లీవ్ వ్యాకోచించదు, పిస్టన్ పైన రాసుకుంటూనే ఉంటుంది. జాగ్రత్త పేరుతో ఇంజనును అరగదీసినట్టే.

ట్యూనింగ్ మూడు స్క్రూల పని. మాన్యువల్‌లో ఇచ్చిన ఫ్యాక్టరీ కొలతకు మూడింటినీ తీసుకొచ్చి మొదలుపెట్టాలి. ఇంజను వేడెక్కకుండా ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకూడదు. ముందు హై-స్పీడ్ నీడిల్. పూర్తి థ్రాటిల్‌లో బండి పోతుండగా గొంతు బొంగురుపోయి, పొగ దట్టంగా వస్తే రిచ్ (ఫ్యూయల్ ఎక్కువ). పావు చుట్టులో సగం, అంటే 1/8 చుట్టు బిగించి మళ్లీ నడిపి చూడాలి. ఊపందుకుంటూ మధ్యలో తడబడి, పొగ మాయమైతే లీన్ (ఫ్యూయల్ తక్కువ). వెంటనే 1/4 చుట్టు వదలాలి. హెడ్ మీద ప్లగ్ దగ్గర వేడి 105 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే క్షేమం, 132 దాటనివ్వకూడదు. థర్మామీటర్ లేకపోతే హెడ్ మీద నీటిబొట్టు వేయండి. మూడు నాలుగు సెకన్లు చిటపటలాడి ఆవిరైతే పరవాలేదు, పడీపడగానే ఎగిరిపోతే ఆపేయాలి.

తర్వాత లో-స్పీడ్ నీడిల్. ఐడిల్‌లో (థ్రాటిల్ ఇవ్వకుండా) నడుస్తుండగా కార్బ్యురేటర్‌కు వెళ్లే ఫ్యూయల్ పైపును నొక్కి పట్టుకోండి. ఇంజను రెండు నుంచి నాలుగు సెకన్లు నడిచి, చివర్లో చిన్నగా వేగం పుంజుకుని ఆగాలి. వేగం బాగా పెరిగి చాలాసేపు నడిస్తే రిచ్, నొక్కీనొక్కగానే ఆగితే లీన్. ఐడిల్ స్క్రూ చివర్లోనే. బండి ఆగి ఉన్నప్పుడు ముందుకి పాకుతోందని ఐడిల్ తగ్గించేస్తారు చాలామంది. ఐడిల్ మామూలుగానే ఉన్నా పాకుతోందంటే చూడాల్సింది క్లచ్ బెల్ (క్లచ్ డ్రమ్ము) బేరింగులు. ట్రాక్సస్‌లో అవి 5x11x4 మిల్లీమీటర్ల కొలతవి, రెండు. వేడికి గ్రీజు కాలిపోయి పట్టేస్తాయి. ఇంజను ధర కన్నా వీటిదే నడిపే ఖర్చులో చిరాకు పెట్టే పద్దు.

ఎన్ని తిప్పినా ట్యూన్ నిలవకపోతే స్క్రూలు వదిలేసి గాలి లీకు వెతకండి. వెనక ప్లేటు, కార్బ్యురేటర్ అడుగు, ట్యాంకు మూత రబ్బరు, ఎగ్జాస్ట్ పైపు నుంచి ట్యాంకుకు వచ్చే ప్రెషర్ గొట్టం అనుమానించాల్సినవి. థ్రాటిల్ వదిలాక కూడా ఇంజను కాసేపు అరుస్తూనే ఉండటం దీని గుర్తు. ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ ట్యూన్ మారుతోందంటే మూతదే తప్పు.

ఫ్యూయల్ 20 శాతం నైట్రో ఉన్నది ఈ ట్రక్కులకు చాలు. నైట్రోమీథేన్‌లో ఆక్సిజన్ అందులోనే ఉంటుంది కాబట్టి తక్కువ గాలితో ఎక్కువ ఫ్యూయల్ మండుతుంది. అందుకే శాతం పెంచితే నీడిల్ కూడా వదలాలి. 30 శాతం పోసి పాత సెట్టింగ్‌లోనే నడపడం కొరివితో తల గోక్కోవడమే. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత సరిగా పెట్టని డబ్బాలోని ఫ్యూయల్‌తో ఇంజను ఎంతకీ మాట వినదు, మనం నీడిల్‌ను తిడుతూ ఉంటాం. చలిగా ఉంటే గాలి చిక్కనవుతుంది, నీడిల్ కొద్దిగా వదలాలి. నిన్నటి వేడిలో కుదిరిన ట్యూన్ ఇవాళ్టి చల్లదనానికి లీన్ అవుతుంది.

ప్లగ్గును అప్పుడప్పుడు విప్పి చూడండి. తీగ తడిగా, మెరుస్తూ, ఆకారం చెడకుండా ఉంటే బాగుంది. బూడిద రంగు తిరిగినా, చుట్లు నలిగినా లీన్‌గా నడుపుతున్నారని అర్థం. ట్రాక్సస్ 3.3కి స్టాండర్డ్ ప్లగ్ కావాలి. టర్బో ప్లగ్ కూర్చునే అంచు వేరు, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ప్లగ్ కింద రాగి వాషర్ మర్చిపోతే కంప్రెషన్ మారిపోతుంది.

ఫెయిల్-సేఫ్ (సిగ్నల్ గానీ బ్యాటరీ గానీ దెబ్బతింటే థ్రాటిల్ మూసేసే ఏర్పాటు) గురించి ఎవరూ ఆలోచించరు. రిసీవర్ బ్యాటరీ మధ్యలో నీరసిస్తే థ్రాటిల్ తెరుచుకున్న చోటే నిలిచిపోతుంది, నాలుగైదు కిలోల బండి ఆపేవాడు లేకుండా పరిగెడుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇంత బండి కొన్నవాళ్లు దాని రిసీవర్‌లో సాధారణ పెన్సిల్ సెల్సు వేసి సరిపెడతారు. అయిదు సెల్లుల 6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, ఫెయిల్-సేఫ్ ఉన్న రిసీవర్, కార్బ్యురేటర్‌ను మూసి లాగే స్ప్రింగు, ఈ మూడూ లేకుండా బయటికి తీయొద్దు. ఇంకొకటి, చక్రాలు గాలిలో ఉంచి ఫుల్ థ్రాటిల్ ఇవ్వొద్దు. బరువు లేని ఇంజను హద్దు దాటి తిరిగి కనెక్టింగ్ రాడ్ విరగ్గొట్టుకుంటుంది.

నడిపాక ట్యాంకు ఖాళీ చేసి, పైపులో మిగిలింది కూడా కాలిపోయేదాకా ఇంజను తిప్పండి. కార్బ్యురేటర్‌లో, ప్లగ్ రంధ్రంలో ఆఫ్టర్-రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా కాపాడే నూనె) నాలుగైదు చుక్కలు వేసి మళ్లీ తిప్పండి. ఆపేటప్పుడు పిస్టన్ కింద ఉండాలి. అది పైన ఉండగా ఇంజను చల్లారితే స్లీవ్ కుదించుకుని పట్టేస్తుంది. ఫ్లైవీల్ మీద పెయింటుతో ఒక గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

ఏది, ఎవరికి

నేర్చుకోవడానికి టీ-మ్యాక్స్, ఉంచుకోవడానికి సావేజ్, నడిపే ఆనందానికి రెవో. రోజుకో అరగంట మాత్రమే ఖాళీ దొరికేవాళ్లకు మూడూ వద్దు, లైపో ట్రక్కు కొనుక్కోండి. ఆ సమయం ఇక్కడ స్టార్ట్ చేయడానికీ తుడవడానికే సరిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ముందు ఇంజను చల్లగా ఉండగానే చూడాలి. ప్లగ్ ఉంచి ఫ్లైవీల్‌ను వేలితో తిప్పితే పైకి వచ్చేసరికి గట్టిగా ఎదురు తిరగాలి. మెత్తగా దాటిపోతే స్లీవ్ అరిగింది, ఇక ఆ బండికి ఇంజను ధర తీసేసి లెక్క కట్టండి. ఫ్లైవీల్ పైకీ కిందికీ ఊగితే బేరింగులు పోయాయి. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బ్యురేటర్ నోట్లో వేలు పెట్టండి, మట్టి గరుకు తగిలితే ఆ ఇంజను లోపల సానబట్టినట్టు అరిగి ఉంటుంది. మీరు వెళ్లేసరికే అమ్మేవాడు బండిని స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే, చల్లారేదాకా ఆగి ఈ పరీక్షలన్నీ మొదటినుంచి చేయండి.